బతికున్నవాళ్ళకి వేయని అక్షరాలు

ఇటలీ కొండల్లోని సెర్రలూపలో చదువురాని వాళ్ళకి లోటు లేదు. అయినా గోడ మీద చావు కబురు పోల్చుకోలేని మనిషి ఊళ్ళో ఒక్కడూ లేడు. దానికి చదువెందుకు? అక్షరాల వాలకమే చెప్పేది. సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి భుజంతో రాసుకుంటూ నిలబడే అక్షరాలు అవి. నిలువు గీతలు గుడి కొవ్వొత్తుల్లా లావుగా, నల్లగా ఉండేవి. అడ్డగీతలు వెంట్రుక మందాన ఉండేవి. ఉన్నాయో లేవో చెప్పడానికి ఎండ బాగా కాయాలి. ప్రతి అక్షరం పాదాల కింద దారప్పోగులాంటి చిన్న గీత, మట్టి అంటకుండా చాప పరిచినట్టు. పోయినవాడి పేరు ఎంత పొడుగైనా ఒక్క వరసలో పట్టేసేది. బతికున్నంతకాలం చోటు చాలక అన్నదమ్ములతో తగువులాడినవాళ్ళు కూడా ఆ కాగితం మీద మహా మర్యాదగా సర్దుకునేవారు.

రొక్కీనా సంతర్సియేరోకి అవి అక్షరాల్లా కనిపించేవి కావు. నల్లగౌన్ల సన్యాసినులు పూజకి బారులు తీరినట్టు కనిపించేవి. పొద్దున్నే మొదటి పూజ చూసుకుని, ఇంటికి దగ్గర దారి ఉన్నా, నూనెగానుగ గోడ చుట్టూ తిరిగి వచ్చేది. ఊళ్ళో చావు కాగితాలన్నీ ఆ గోడకే అంటించేవారు. సన్యాసినులు గోడెక్కారంటే ఆమె దారినపోయేవాళ్ళని ఒకే ఒక్క ప్రశ్న అడిగేది: "ఎవరింటికి?" జవాబు వినగానే ఇంటికి వచ్చి పొయ్యి మీద గిన్నె పెట్టేది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తేవాలి. అందరికంటే ముందు రొక్కీనా గిన్నే గడప దాటేది. నీలం రంగు పూతగిన్నె అది, ఒక చెవి దగ్గర పూత రాలి తెల్లబడింది. అందులో కోడి రసం, రసంలో సన్న సేమ్యా, పైన తురిమిన గొర్రెపాల చీజ్. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయిన వాళ్ళకి అదొక్కటే దిగుతుందని ఆమె నమ్మకం. ఆ గిన్నెకీ ఒక మర్యాద ఉండేది. ఇచ్చినవాళ్ళు తిరిగి అడగకూడదు. పుచ్చుకున్నవాళ్ళు పోయినవారికి నెల పూజ చెప్పించాక, గిన్నె తోమి, అందులో ఏదో ఒకటి పోసి తెచ్చివ్వాలి. అంతకుముందే తెస్తే ఏడుపు అప్పుడే అయిపోయిందా అని ఊరు ముక్కున వేలేసుకుంటుంది. ఊరికి వేళ్ళూ ఎక్కువే, ముక్కులూ ఎక్కువే.

ఈ గోడ కాపలా ఆమెకి ఎవరూ అప్పజెప్పలేదు. ఆమె మొగుడు కానియో అడవిలో బొగ్గు కాల్చేవాడు. ఒక మంచు వారంలో ఊపిరాడక పోయాడు. అచ్చాఫీసు అప్పట్లో ముసలి మేస్త్రి చేతిలో ఉండేది. పైసలు చూడందే సిరా ముట్టుకోని నిష్ఠాపరుడాయన. కానియోకి కాగితం పడలేదు. కాగితం పడలేదు గనక ఊరికి తెలియలేదు. చావిల్లు గనక రొక్కీనా పొయ్యి వెలిగించలేదు. శవం పక్కన కూర్చుని, కిటికీ మీద మంచు మందం పెరగడం చూస్తూ ఉండిపోయింది. చివరికి గుడి మెట్ల మీద మంచు తోడుతున్న ఫాదర్ దొన్ వీతో, ఈ ఇంటి పొగగొట్టం ఇంత చల్లగా ఉందేమిటని వచ్చి తలుపు తట్టాడు. ఊరు చెడ్డది కాదు. తెలియలేదంతే. తెలియకపోవడానికి ఏ ఊరికైనా ఎప్పుడూ మంచి కారణాలే ఉంటాయి.

ముసలి మేస్త్రి పోయాక కొడుకు జెరార్దో మేస్త్రి వచ్చాడు. ఇతను వేరే రకం. లేనివాళ్ళు పోతే మిగిలిపోయిన సర్కసు కాగితాల వెనకవైపున ఊరికే అచ్చువేసి, తనే జిగురు డబ్బా పట్టుకెళ్ళి అంటించి వచ్చేవాడు. కాగితం పల్చనిది కావడంతో ఎండ పడితే పేరు వెనక ఏనుగు నీడ కనబడేది. సెర్రలూపలో బీదవాళ్ళందరూ ఆ రోజుల్లో ఏనుగెక్కే పరలోకానికి వెళ్ళారు. ఉన్నవాళ్ళకి ఆ వైభవం లేదు.

రొక్కీనాకి మోకాళ్ళ నొప్పులు మొదలైన ఏడు, జెరార్దో దగ్గరికి వెళ్ళి అడిగింది.

"ఒరేయ్ జెరార్దో, నా పేరు ఒక్కసారి ఆ అక్షరాల్లో పేర్చి చూపించరా."

అతను చేతిలో చెక్క అక్షరం అలాగే పట్టుకుని ఆగిపోయాడు. "తప్పత్తా! అవి బతికున్నవాళ్ళకి వేయకూడదు. పేరు పేరిస్తే మనిషిని పిలిచినట్టేనట. మా నాన్న చెప్పాడు, ఆయనకి మా తాత చెప్పాడు."

"వాళ్ళిద్దరూ పోయారుగా?"

"ఆ అక్షరాల్లోనే పోయారు."

"అందుకే అడుగుతున్నా. నాకెవరున్నారురా? తలుపేసుకుని పోతే నీకు కబురు చెప్పేదెవరు? కానియోకి జరిగినట్టే నాకూ జరిగితే? నా పేరు ఆ గోడెక్కుతుందని కళ్ళతో చూసి పోతే నా మనసు కుదుటపడుతుంది."

"నేనున్నానుగా, చూసుకుంటాలే."

"నువ్వు నాకంటే ముందు పోతేనో?"

జెరార్దో గబుక్కున ఇనుము ముట్టుకున్నాడు. కీడు తగలకుండా ఇనుము ముట్టుకోవడం అక్కడి ఆచారం. అచ్చుయంత్రం మొత్తం ఇనుమే కావడంతో ఆ వృత్తిలో ఉన్నవాడికి దేవుడు ఆ సదుపాయం బాగానే కల్పించాడు. "వెళ్ళత్తా, వెళ్ళు. పొద్దున్నే ఇవేం మాటలు?" అని ఆమెని గడప దాటించాడు. దాటిస్తూ, మెట్టు ఎత్తుగా ఉందని చెయ్యి పట్టుకుని దింపాడు కూడా.

ఆ అక్షరాలకి వేరే చోట్ల వేరే బతుకు ఉందన్న సంగతి రొక్కీనాకి కుట్టుపని చేసే లుక్రేజియా ఇంట్లో తెలిసింది. లుక్రేజియాకి మిలానో నుంచి ఫ్యాషన్ పత్రికలు వచ్చేవి. ఒకదాని అట్ట మీద అచ్చం అవే పొడుగాటి అక్షరాలు, వాటి కింద బుగ్గలు మెరుస్తున్న ఒక పడుచుపిల్ల. రొక్కీనా సిలువ వేసుకుంది.

"అయ్యో తల్లీ! ఇంత చిన్నపిల్లే! ఏం జబ్బొచ్చిందమ్మా?"

"జబ్బేంటత్తా, అది ఫ్యాషన్ పత్రిక. ఆ పిల్ల గౌను చూపిస్తోంది."

"గౌను చూపించడానికి చచ్చిపోవాలా?"

"మిలానోలో ఈ అక్షరాలు పట్టుబట్టలకి, అత్తరుసీసాలకి, చాక్లెట్ పెట్టెలకి వేస్తారు. సన్నగా, ఠీవిగా ఉంటాయని."

"మరి అక్కడ మనుషులు చావరా?"

"చస్తారు. వేరే అక్షరాల్లో చస్తారు."

"పాపం," అంది రొక్కీనా, మిలానో మొత్తం మీద జాలిపడి.

ఆ జాలి అక్కడితో ఆగితే బాగుండేది. కాని మిలానో గాలి ఇంకొకరికి కూడా సోకింది. గానుగ యజమాని దొన్ ఎర్మెనెజిల్దో మస్త్రాంజెలో ఆ ఏడు మేయరు పదవికి నిలబడ్డాడు. ఆ పేరు పూర్తిగా పలికేలోగా కాఫీ చల్లారిపోతుందని ఊరు ఆయన్ని దొన్ జిల్దో అనేది. దొన్ అంటే అక్కడ 'గారు' లాంటిది, ఫాదర్‌కీ అదే, దొరకీ అదే. పెళ్ళి చేసుకోలేదు, తనకి తగిన సంబంధం ఆ చుట్టుపక్కల పుట్టలేదని ఆయన అభిప్రాయం. ఆ సంబంధాల అభిప్రాయం ఎవరూ అడగలేదు. రాజధాని నుంచి ఏదో బిరుదు తెచ్చుకున్నాడు. ఎందుకిచ్చారో ఇచ్చినవాళ్ళకే గుర్తులేదు. గానుగ ఆయనది, చావు కాగితాల గోడ ఆయనది, ఆ పక్కనే జెరార్దో అద్దెకున్న అచ్చాఫీసు గదీ ఆయనదే.

ఎన్నికల కాగితాలు ఎప్పుడూ బొద్దు అక్షరాల్లో వేసేవారు. ఎద్దుల సంతకీ, సర్కసుకీ, రాజకీయానికీ జెరార్దో అవే వాడేవాడు. మూడింటికీ జనం ఒకేలా వచ్చేవారు గనక ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. అయితే బొద్దు అక్షరాల్లో దొన్ జిల్దో పేరు ఒక వరసలో పట్టలేదు. సగం పైన, సగం కింద పడింది.

"నన్ను నడుముకి విరిచావేంట్రా!" అన్నాడు దొన్ జిల్దో.

"ఇవి ఒళ్ళున్న అక్షరాలు అయ్యగారూ, ఇంతకంటే పట్టవు. కాస్త చిన్నవి వేస్తే..."

"చిన్నవా? నేను చిన్నవాణ్ణా?" అంటూ కోటు జేబులోంచి అత్తరుసీసా తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద బంగారు రంగులో, సన్నగా, పొడుగ్గా అవే అక్షరాలు. "ఇవి వెయ్యి. అరల పెట్టెలో పెద్దవి ఉన్నాయిగా నీ దగ్గర."

జెరార్దో అచ్చుయంత్రం పిడి పట్టుకున్నాడు. "అయ్యగారూ, అవి పోయినవాళ్ళవి."

"మిలానోలో గొప్ప గొప్పవాళ్ళంతా..."

"మిలానోలో చూసేవాళ్ళు మిలానోవాళ్ళు. ఇక్కడ చూసేది రొక్కీనత్త."

"చదువురాని ముసలిదానికి భయపడి నేను ఎన్నిక ఓడిపోవాలా? ఈ గది ఎవరిదో మరిచిపోయినట్టున్నావ్."

గది ఎవరిదో జెరార్దో మరిచిపోలేదు. చెక్క అక్షరాలు ఒక్కొక్కటే తీసి పేర్చాడు. పేర్చినంతసేపూ మనసులో పునీత రోకోకి మొక్కుకుంటూనే ఉన్నాడు. తనకి చేతనైన జాగ్రత్త తీసుకున్నాడు: చుట్టూ నల్ల అంచు వేయలేదు, పైన సిలువ పెట్టలేదు. పేరు కింద చిన్న అక్షరాల్లో దొన్ జిల్దో స్వయంగా రాసుకున్న మాటలు వేశాడు: "ఊరి కోసమే బతికిన మనిషి. ఆదివారం అందరూ తప్పక రండి."

మర్నాడు పొద్దున్నే పూజ నుంచి వస్తూ రొక్కీనా గోడ చూసింది. సన్యాసినులు! అదీ ఎప్పుడూ లేనంత పొడుగు బారు, గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా అదే కాగితం మళ్ళీ మళ్ళీ. ఎవరో చాలా పెద్దవాడే పోయాడనుకుంది. సూదులు కొనడానికి వెళ్తున్న లుక్రేజియాని ఆపింది.

"ఎవరింటికి?"

లుక్రేజియా పేరు చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దొన్ జిల్దో! నిన్న సాయంత్రం కూడా గుండ్రాయిలా ఉన్నాడు కదత్తా!"

"కింద ఏం రాశారు?"

"ఊరి కోసమే బతికిన మనిషని రాశారు. సమాధి పూజ ఆదివారమట."

"నల్ల అంచు లేదే?"

"జెరార్దో కూడా కంగారుపడి ఉంటాడు. పాపం, గది ఆయనదే కదా."

రొక్కీనా గిన్నె పొయ్యెక్కించింది. పండక్కి దాచుకున్న కోడినే కోసింది. మనిషి ఎలాంటివాడైనా పోయినరోజున పెద్ద కోడికి అర్హుడే అని ఆమె లెక్క.

దొన్ జిల్దో ఇంట్లో వంటామె విన్చెంజా తలుపు తీసేసరికి ఎదురుగా రొక్కీనా, వెనక వీధి వీధంతా, అందరి చేతుల్లో గిన్నెలు, రొట్టెలు, కాఫీ చెంబులు.

"తల్లీ, ఎలా జరిగింది?" అంది రొక్కీనా, ఆమెని కావలించుకుని.

"ఏం జరిగింది? దొరగారు ఇంకా పడుకునే ఉన్నారు," అంది విన్చెంజా అయోమయంగా.

ఆ మాటకి అందరూ ఒక్కసారి తలలు వంచారు. "గోడ మీద వేశారమ్మా," అన్నాడొకడు మెల్లగా. గోడ మీద ఉందంటే ఇక మేడ మీదికి వెళ్ళి చూడాల్సిన పనేముంది? విన్చెంజా అక్కడే కూలబడి శోకం అందుకుంది.

హాల్లో గోడ వారగా అందరూ కూర్చున్నారు. ఇక పోయినవాడి గురించి మంచిమాటలు చెప్పాలి. ఇది కూడా ఆచారమే. హాలు చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. చివరికి లుక్రేజియా గొంతు సవరించుకుంది.

"ఆయన గడియారం ఎప్పుడూ సరిగ్గా ఉండేది."

"అవునవును," అన్నారందరూ, ఒడ్డు దొరికినట్టు.

"ఆయన కంచరగాడిద చాలా సాధువు," అన్నాడు రొట్టెలవాడు.

అప్పుడు రొక్కీనా అంది: "ఆ గోడ ఆయనదే. పోయినవాళ్ళ కాగితాలు అంటించొద్దని ఒక్కనాడూ అనలేదు. ఉన్నవాడిదైనా, లేనివాడిదైనా. సున్నం పాడైపోతుందని ఎవరైనా అంటారు. ఆయన అనలేదు."

ఏడుపులకి మెలకువ వచ్చి దొన్ జిల్దో అప్పటికే మెట్ల మలుపులో నిలబడి ఉన్నాడు. గడియారం మాట విన్నాడు, గాడిద మాట విన్నాడు, గోడ మాటా విన్నాడు. పొడుగాటి రాత్రి చొక్కాలో, మొహం మీద గడ్డం సబ్బుతో, పాలిపోయి కిందికి దిగాడు. విన్చెంజా కెవ్వున అరిచింది. రొట్టెలవాడు కాఫీ చెంబు వదిలేశాడు. సరిగ్గా అప్పుడే దొన్ వీతో పోయేవాళ్ళకి పూసే పవిత్ర తైలం పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. దొన్ జిల్దోని కింది నుంచి పైదాకా చూశాడు.

"బతికే ఉన్నావా నాయనా? మరీ మంచిది. పాపాలు చెప్పుకోవడానికి ఇంకా టైముంది."

"నేను చావలేదు!" అని అరిచాడు దొన్ జిల్దో. "అది ఎన్నిక కాగితం!"

ఎవరూ క్షమాపణ అడగలేదు. పైగా కాస్త నొచ్చుకున్నారు. "చావనప్పుడు ఆ అక్షరాల్లో ఎందుకు వేయించుకున్నారండీ?" అంది లుక్రేజియా. "మా పనులు మానుకుని వచ్చాం."

కోపం ఎవరిమీద తీర్చుకోవాలో తెలియక దొన్ జిల్దో అందరికంటే ముందు గడప దాటిన మనిషి మీద తీర్చుకున్నాడు. "ఏమే రొక్కీనా! బతికున్నవాడి ఇంటికి చావుకూడు తెస్తావా? విను. నా గోడ మీద నీ పేరు ఎక్కనివ్వను. నీ సన్యాసినులు ఎవరి గోడెక్కుతారో నేనూ చూస్తా!"

రొక్కీనా మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి వెళ్ళిపోయింది. గిన్నె బల్ల మీదే ఉండిపోయింది.

ఎన్నికలో దొన్ జిల్దో ఓడిపోయాడు. ఒకసారి తాము ఏడ్చేసిన మనిషికి మళ్ళీ ఓటెయ్యడం జనానికి ఎలాగో అనిపించింది. ఇందులో ద్వేషమేమీ లేదు. అతని ఆత్మశాంతికి వాళ్ళు చేయాల్సింది చేసేశారు.

మిగిలింది గిన్నె. నెల పూజ అయ్యాక గిన్నె తిరిగివ్వాలి. మనిషి పోలేదు గనక నెల పూజ లేదు. నెల పూజ లేదు గనక గిన్నె తిరిగిచ్చే రోజూ లేదు. విన్చెంజా ఈ చిక్కు దొన్ వీతో దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఊరికే ఇచ్చేసెయ్యమ్మా," అన్నాడాయన.

"పూజ లేకుండా ఇస్తే కీడు కదా ఫాదర్? దొరగారికి తగిలితేనో?"

"పోనీ, పూజ చెప్పించుకోమను."

"బతికుండగానా!"

దొన్ వీతో జపమాల తీసుకుని గుడి లోపలికి వెళ్ళిపోయాడు. నీలం గిన్నె దొన్ జిల్దో వంటింటి గూట్లో అలాగే ఉండిపోయింది. రొక్కీనా అడగలేదు. అడగకూడదు. పక్కింటివాళ్ళ మసిగిన్నెలో రసం కాచి చావిళ్ళకి తీసుకెళ్తూనే ఉంది. ఒక మాట మాత్రం విన్చెంజా సంతలో ఆమె చెవిన వేసింది: "ఆ రోజు అందరూ వెళ్ళాక ఆ రసం ఆయనే తాగాడత్తా. అడుగుదాకా. చెంచా కూడా అడగలేదు."

"మరి గోడ?"

విన్చెంజా తల అడ్డంగా ఊపింది.

చలికాలం వచ్చేసరికి రొక్కీనాకి పొద్దున్నే గోడ చుట్టూ తిరగడం కష్టమైంది. అయినా తిరిగేది. కాకపోతే గోడకేసి చూసేటప్పుడు ఇదివరకటి ధైర్యం లేదు. ఎదుటివాళ్ళ పేర్లు చూస్తూ, తనకి ఇందులో చోటు లేదనుకునేది. ఒకరోజు తిన్నగా అచ్చాఫీసుకి వెళ్ళింది.

"ఒరేయ్, ఆ అక్షరాలు మనిషిని పిలుస్తాయన్నావు. దొన్ జిల్దోని గోడ నిండా వేశావు. ఏమైంది?"

జెరార్దో బుర్ర గోక్కున్నాడు. "ఏం కాలేదత్తా. కాస్త లావెక్కాడు."

"గోడ మీద ఎలాగూ వేయనివ్వడు. కాగితం మీదైనా చూపించు. నేనే పట్టుకుపోతాను."

అతనికి చెప్పడానికి ఇక తాతా లేడు, నాన్నా లేడు. తలుపు దగ్గరగా వేసి, చెక్క అక్షరాలు తీసి పేర్చాడు. సర్కసు కాగితం కాదు, పెద్దవాళ్ళకి వేసే మంచి తెల్ల కాగితం తీశాడు. నల్ల అంచు వేశాడు, సిలువ పెట్టాడు. కాగితం ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు.

రొక్కీనా చాలాసేపు చూసింది. చూపుడువేలు కాగితానికి ఆనీ ఆనకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిపించింది.

"ఇంతమంది సన్యాసినులా నాకు?"

"పేరు పొడుగు కదత్తా. ఈ అక్షరాలు గనక ఒక్క వరసలో పట్టింది."

"ఇదేంట్రా, ఆ చివరామె ఒంటికాలి మీద ఉంది?"

జెరార్దో నసిగాడు. "ఆ అక్షరం నీ పేరులో మూడుసార్లు వస్తుంది. నా దగ్గర మంచివి రెండే ఉన్నాయి. మూడోదానికి ఒక కాలు, సన్న వాలుగీత, విరిగిపోయింది."

"కుంటిదాన్ని నా పేరులో పెట్టావా?"

"నీ మోకాలు మాత్రం బాగుందా ఏంటి?"

రొక్కీనా నవ్వింది. నవ్వుతూనే తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. కాగితం ఇంటికి తీసుకెళ్ళి, పొయ్యి పైన గోడకి, మేరీమాత పటం పక్కనే, నాలుగు మేకులు కొట్టి తగిలించింది.

మర్నాడు ఆమె మొదటి పూజకి వెళ్ళింది. రాత్రి పొయ్యి పొగ పోవాలని తలుపు తీసే ఉంచింది. ఆ దారిన పోతున్న లుక్రేజియా లోపలికి తొంగి చూసింది. పొడుగాటి అక్షరాలు, నల్ల అంచు, సిలువ, చల్లారిన పొయ్యి. మంచం ఎటువైపుందో చూసే ఓపిక ఆమెకి లేకపోయింది. వీధంతా వినిపించేలా ఒక్క కేక పెట్టింది.

రొక్కీనా గుడిలోనుంచి తిరిగి వచ్చేసరికి ఇంటిముందు జనం. అందరి చేతుల్లో గిన్నెలు. ఈ సందులో ఎవరు పోయారో తనకి తెలియకుండా! తొందరగా వెళ్ళి గుంపు చివర నిలబడింది.

"ఎవరింటికి?" అని ముందున్నామె భుజం తట్టింది.

"రొక్కీనత్త," అంది ఆమె వెనక్కి చూడకుండానే, ముక్కు చీదుతూ.

"అయ్యో పాపం!" అంది రొక్కీనా. "ఏ రొక్కీనా?"

"ఏ రొక్కీనా ఏంటి? మన రొక్కీనా! మా అమ్మ పోయినప్పుడు మాకు మొదటి ముద్ద తినిపించింది ఆవిడే."

గుంపులో ఇంకెవరో అన్నారు, తన మొగుడు పోయిన రోజున రొక్కీనా రసంతో పాటు ఎండు మిరపకాయలు కూడా నూనెలో వేయించి తెచ్చిందని, పసివాళ్ళకి విడిగా కారం లేకుండా వండిందని. ఇక్కడ మంచిమాటలకి ఎవరూ గొంతు సవరించుకోవాల్సి రాలేదు. ఒకరి మాట మీద ఒకరు పడుతున్నారు. రొట్టెలవాడికైతే తన వంతే రాలేదు. రొక్కీనా గుంపు చివర నిలబడి అంతా వింది. తనిక్కడే ఉన్నానని చెప్పడానికి ఎప్పుడు దగ్గాలో ఆమెకి తెలియలేదు.

అప్పుడే వీధి మలుపులో దొన్ జిల్దో కనిపించాడు. వెనక విన్చెంజా ఉంది గాని ఆమె చేతులు ఖాళీ. నీలం గిన్నె ఆయన చేతుల్లోనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక గిన్నె మొయ్యని మనిషి గనక రసం అడుగడుక్కీ చిమ్మి, ఖరీదైన కోటు చేతులు తడిసిపోయాయి. తల వంచుకుని వచ్చి, గుంపు చివర ఉన్న ఆమెని చూసి ఆగిపోయాడు.

"నువ్వు... బతికే ఉన్నావా?"

గుంపంతా వెనక్కి తిరిగింది. ఒక గిన్నె మూత రాళ్ళ మీద పడి దొర్లుకుంటూ పోయింది.

"మీ దయ వల్ల దొరా," అంది రొక్కీనా.

దొన్ జిల్దో గిన్నెకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. "అయితే దీన్ని ఏం చెయ్యను?"

"ఆ రోజు మీరేం చేశారు?"

ఆయన నేల చూపులు చూశాడు. "తాగాను."

"నేనూ అదే చేస్తాను. ఇలా ఇవ్వండి."

"ఉప్పు ఎక్కువైందేమో. నేనే చూసి వేశాను," అన్నాడు. తరవాత ఏదో బరువు దించుకున్నట్టు గబగబా అన్నాడు: "కబురు తెలియగానే జెరార్దోకి చెప్పాను, నీ కాగితం ఇంకొకటి అచ్చువేసి గోడకి అంటించమని. మధ్యలో, మంచి చోట. ఇప్పుడు వెళ్ళి తీయించేస్తాలే."

రొక్కీనా గిన్నె చప్పున లుక్రేజియా చేతిలో పెట్టింది. "చల్లారకుండా చూడు. ఇప్పుడే వస్తా."

మోకాళ్ళ సంగతి మరిచిపోయి నడిచింది. గోడ దగ్గర జెరార్దో ఒక్కడే ఉన్నాడు. జిగురు కుంచె చేతిలో, కన్నీళ్ళు గడ్డం మీద. తనే పేర్చి చంపేశానని గొణుక్కుంటూ కాగితం అంచులు నొక్కుతున్నాడు. గోడ నడిమధ్యన, పొద్దుటి ఎండలో, ఆమె సన్యాసినులందరూ ఒక్క వరసలో నిలబడి ఉన్నారు. లావు గీతలు తడితడిగా నల్లగా మెరుస్తున్నాయి. ఆ ఎండకి వెంట్రుక గీతలు కూడా కనబడ్డాయి, ఒకామె చెయ్యి ఇంకొకామె పట్టుకున్నట్టు. ఒంటికాలామె చివర్న ఉంది.

"ఏంట్రా, కాస్త వంకరగా అంటించావు," అంది రొక్కీనా వెనకనుంచి.

జెరార్దో కుంచె వదిలేసి జిగురు డబ్బా ఇనుప పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. "అత్తా! అత్తా, ఆగు, ఇప్పుడే చింపేస్తాను."

"చింపావంటే చూడు. వాన వచ్చేదాకా ఉండనీ."

"బతికుండగా గోడ మీద ఎలా అత్తా? జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారో ఇప్పుడే విని వస్తున్నాను," అంది రొక్కీనా. గోడకేసి ఇంకొక్కసారి చూసి సిలువ వేసుకుంది. "పద, నువ్వూ రా. ఇంటినిండా గిన్నెలున్నాయి, ఒక్కదాన్నే తినలేను. దొరగారి రసంలో ఉప్పు ఎక్కువట, కాసిని నీళ్ళు కలపాలి."

జెరార్దో చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, ఆ వీధి రాళ్ళు జారుతున్నాయని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.